జవాబు రాయని నాలుగు రోజులు

"బొమ్మలు అందాయండీ. అన్నీ బాగున్నాయి గానీ పరశురాముడి చెయ్యి ఊడిపోయింది. భోగినాడు మా పాపచేత మొదటిసారి కొలువు పెట్టిస్తున్నాం. ఇప్పుడేం చెయ్యమంటారు?"

2014 జనవరి 9, గురువారం సాయంత్రం నాకొచ్చిన సందేశమిది. కింద ఒక ఫొటో. తెల్ల కాగితంమీద పరశురాముడు, పక్కనే గొడ్డలి పట్టుకున్న చెయ్యి విడిగా.

చదివి ఫోను బోర్లా పెట్టేశాను. పండక్కి ఆడపడుచువాళ్లు వస్తున్నారు, అరిసెలకి పిండి కొట్టించాలి, చంటిదానికి దగ్గు... సాకులకేం, కావలసినన్ని ఉన్నాయి. అసలు కారణం భయం. డబ్బంతా వెనక్కి ఇమ్మంటుందేమో, నలుగురూ చూసేచోట నా గురించి చెడ్డగా రాస్తుందేమో, మావారికి తెలిస్తే "నే ముందే చెప్పానుగా" అంటారేమో అని. పొద్దున రాద్దాంలే అనుకున్నాను. ఆ పొద్దున నాలుగు రోజుల తర్వాత వచ్చింది.

ఇంట్లో కూర్చుని నాలుగు వస్తువులు అమ్ముకుంటున్న ఆడవాళ్లు ఇవాళ ప్రతి వీధిలోనూ ఉన్నారు. చీరలు, పచ్చళ్లు, వన్ గ్రాం నగలు, బొమ్మలు. సరుకెక్కడ దొరుకుతుంది, ఎంతకి అమ్మాలి అని అడిగేవాళ్లు చాలామందే గానీ, అమ్మిన తర్వాత వచ్చే ఉత్తరాల సంగతి ఎవరూ అడగరు. నా అనుభవంలో కష్టమంతా అక్కడే. అందుకే నాకు జరిగినదాంట్లోంచే చెబుతున్నాను.

మా సంగతి ముందు కొంచెం చెప్పాలి. విజయవాడలో మా అత్తగారి పాత ఇల్లు వదిలి అపార్టుమెంటుకి వచ్చినప్పుడు అటకమీంచి మూడు ట్రంకు పెట్టెలు దిగాయి. నిండా కొలువు బొమ్మలు. అత్తయ్యగారు పుట్టింటినించి తెచ్చుకున్నవి కొన్ని, ఏటా కొండపల్లి వెళ్లి కొన్నవి కొన్ని. రెండు గదుల ఫ్లాట్‌లో మూడు పెట్టెలు ఎక్కడ పెడతాం? "కావలసినవి ఉంచి మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్యవే" అన్నారావిడ. ఊరికే ఇచ్చేకంటే, కావాలని కోరుకునేవాళ్ల చేతిలో పడితే బాగుంటుందని నాకనిపించింది. అలా 2012లో ఈబేలో వేలానికి పెట్టాను. బాజీ డాట్ కామ్ అనే మన దేశపు సైటుని ఈబే 2004లో కొనుక్కుని ఇక్కడ నడిపింది. 2018 ఆగస్టు 14న అది మూతపడింది. అప్పటిదాకా నేను అందులో ఉన్నాను.

వేలం అంటే మన ఊళ్లో చెరువు పాట, కొబ్బరికాయల పాట లాంటిదే. అయిదొందల దగ్గర మొదలుపెడితే వారం రోజులు సాగేది. "నేను రెండు వేలదాకా వెళతాను" అని ఒకరు ముందే చెప్పి పెట్టుకోవచ్చు, అవతలివాళ్లు పెంచినప్పుడల్లా వాళ్ల తరఫున సైటే కొంచెం కొంచెం పెంచుతూ పోయేది. ఆఖరి అయిదు నిమిషాలూ వంట మాడినా పట్టేది కాదు నాకు! దశావతారాల సెట్టు అయిదొందల దగ్గర మొదలై 2,350కి పోయింది. పాడుకున్నావిడ పుణెలో ఉంటున్న తెలుగావిడ.

అంగట్లో ధర అడిగి కొన్నవాళ్లకీ, పాటలో పాడుకున్నవాళ్లకీ చాలా తేడా ఉంది. పాటలో గెలిచినావిడకి సంతోషం ఒక పూటే. మర్నాటికల్లా "ఎక్కువ పెట్టేశానా? ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సరిగ్గా పంపిస్తుందా?" అని అనుమానం మొదలవుతుంది. అవతల మనిషి కనబడదు, కొట్టు కనబడదు. కనబడేదల్లా మన జవాబే. అది కూడా లేకపోతే ఆవిడకి ఇంకేం మిగిలినట్టు?

ఈబే మొట్టమొదట అమ్మిన వస్తువు సంగతి ఎక్కడో చదివి నవ్వుకున్నాను. 1995లో దాన్ని మొదలుపెట్టిన పియర్ ఒమిడ్యార్ చెడిపోయిన లేజర్ పాయింటర్‌ని వేలానికి పెడితే 14 డాలర్ల 83 సెంట్లకి పోయిందట. ఆయనకే ఆశ్చర్యమేసి, "అది పనిచెయ్యదని తెలుసు కదా మీకు?" అని కొన్న మనిషికి ఉత్తరం రాశాడట. తెలుసు, నేను చెడిపోయినవే సేకరిస్తాను అన్నాడట ఆ మనిషి. డబ్బు చేతికొస్తుంటే నోరు మూసుకోకుండా అలా అడగడం నాకు నచ్చింది. నాకైతే చెయ్యి ఊడిన బొమ్మ ఫొటో చూశాక కూడా నోరు పెగల్లేదు.

శనివారం రెండో సందేశం వచ్చింది. "చూసినట్టు లేరు. దయచేసి జవాబివ్వండి." ఆదివారం మూడోది. అందులో 'అండీ' లేదు. "డబ్బు తీసుకున్నాక ఇక పలకరన్నమాట."

సోమవారం భోగి. మంటలు ఆరి, పిల్లలకి తలంట్లు అయ్యాక అత్తయ్యగారి పక్కన కూర్చుని సంగతంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. ఫొటో చూసి, "విరగలేదే ఇది, ఊడింది. జిగురు పెడితే అంటుకుంటుంది. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పావా?" అన్నారు.

చెప్పలేదు. నాకు తెలుసు ఆ సంగతి. కొండపల్లి బొమ్మని ఒకే చెక్కలోంచి తియ్యరు. తెల్ల పొణికి కర్రతో ఒళ్లు వేరుగా, చేతులు వేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పైన సుద్ద పూసి రంగులేస్తారు. బొమ్మల కాలనీలో కూర్చుని ఎన్నిసార్లు చూడలేదు! కుదుపుకి ఊడేది ఆ అతుకే. చెక్కపనికి వాడే జిగురు ఒక చుక్క పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే చాలు. గురువారం సాయంత్రమే ఈ రెండు వాక్యాలు రాసి ఉంటే శుక్రవారానికల్లా పరశురాముడు తన గొడ్డలితో నిలబడేవాడు. పుణెలో ఆ చంటిపిల్ల కొలువులో పది అవతారాలూ ఉండేవి.

అప్పుడు రాశాను. తప్పు నాదని, జవాబివ్వనందుకు సిగ్గుపడుతున్నానని, బొమ్మ అతికించుకునే పద్ధతి ఇదని, వద్దంటే మొత్తం వెనక్కి తీసుకుని డబ్బిచ్చేస్తానని, పంపే ఖర్చు కూడా నాదేనని. రాత్రికి జవాబొచ్చింది. "కొలువు అయిపోయింది. తొమ్మిదే పెట్టాం. పాప అడిగింది, ఒక బొమ్మ ఊరెళ్లిందని చెప్పాను. డబ్బక్కర్లేదు, పరశురాముణ్ణి మాత్రం మార్చండి." ఆవిడ నా పేరు పక్కన ఎర్ర మచ్చ పెట్టి, "బొమ్మలు మంచివి, మనిషి పలకదు" అని రాసింది. కొత్త పరశురాముడు చేరాక దాన్ని మార్చమని అడుగుదామనుకున్నాను. అడగడానికి మొహం చెల్లలేదు. సైటు మూసేసేదాకా అది అలాగే ఉంది.

నేను కథలు రాసేదాన్ని. కథ పోస్టు చేసి నెలల తరబడి పోస్టుమాన్ కోసం వీధి గుమ్మంలో నిలబడ్డదాన్ని. తిరిగొచ్చిన కథకన్నా ఏ కబురూ రాని కథే ఎక్కువ ఏడిపిస్తుందని తెలిసినదాన్ని. అయినా నేనే అలా చేశాను. ఎందుకూ అని చాలాకాలం ఆలోచించాను. చిన్నప్పట్నించీ గాజు గ్లాసు పగిలితే ముక్కలు కొంగులో దాచుకోవడం నేర్పారు మనకి. తప్పు జరిగితే దాచు, దాచలేకపోతే ఏడువు, ఏడిస్తే వదిలేస్తారు. ఇంట్లో ఈ పద్ధతి చెల్లుతుందేమో గానీ, డబ్బిచ్చి వస్తువు తీసుకున్న పరాయి మనిషి దగ్గర ఎలా చెల్లుతుంది?

అయితే ఆ దెబ్బకి నేను రెండో వైపుకి దొర్లాను. ఎవరేం రాసినా ముందు "క్షమించండి" అనడమే. పార్సిల్ రెండో రోజుకే రాలేదంటే క్షమించండి. ఫొటోలో ఎరుపు ఇంకా ఎర్రగా ఉందంటే క్షమించండి. ఆలస్యమైనందుకు వంద తగ్గిస్తాను, మీకు బాధ కలిగినందుకు ఒక చిన్న బొమ్మ ఊరికే పంపిస్తాను... ఆ ఏడాది లెక్కలు చూసుకుంటే క్షమాపణల కిందే లాభంలో సగం పోయింది.

దానికి ముగింపు పెట్టించింది హైదరాబాద్ ఆవిడ ఒకరు. పార్సిల్ అందలేదు, డబ్బివ్వండి అంది. కొరియరు ట్రాకింగ్ చూస్తే 'అందజేశాం' అని ఉంది. పాత అలవాటు ప్రకారం క్షమించండి అని రాయబోయి ఆగాను. దేనికి క్షమించాలి? నా వైపు ఏం జరిగిందో నాకు తెలుసు, అవతల ఏం జరిగిందో తెలియదు. అందుకని తెలిసినదే రాశాను. "మీ పార్సిల్ ఫలానా రోజు 11 గంటలకి అందజేసినట్టు చూపిస్తోంది. ఎవరు సంతకం పెట్టారో కొరియరువాళ్లని అడిగాను, ఫిర్యాదు నంబరు ఇది. రేపు సాయంత్రం ఆరింటికి మీకు మళ్లీ రాస్తాను. ఈలోగా వాచ్‌మన్ దగ్గర, పక్కింట్లో ఒకసారి కనుక్కోండి." మర్నాడు ఆరింటికి కొరియరువాళ్ల దగ్గర్నుంచి జవాబు రాలేదు. అయినా ఆరింటికి రాశాను, ఇంకా రాలేదని. తొమ్మిదింటికి ఆవిడే రాసింది. వాచ్‌మన్ భార్య మంచం కింద పెట్టి ఊరెళ్లిందట.

కబురేమీ లేకపోయినా ఆరింటికి రాశానే, ఆ ఉత్తరమే ఆవిణ్ణి నిలబెట్టిందని నా నమ్మకం. డబ్బు సంగతి తేలకపోయినా మనం పారిపోలేదని తెలిస్తే చాలామంది రెండు రోజులు ఆగుతారు. ఆగనివాళ్లు ఎప్పుడూ ఉంటారనుకోండి, వాళ్లకి ఏం రాసినా ఒకటే.

తప్పు మనదైతే వాళ్లు అడక్కముందే చెప్పాలి, మనదో కాదో తెలియనప్పుడు క్షమాపణ కాదు, సమాచారం ఇవ్వాలి. పదమూడేళ్లలో నాకు అబ్బింది ఇంతే. దీన్ని పాటించడానికి మంచితనం చాలదు, కాగితాలు కావాలి. పెట్టె కట్టేముందు ప్రతి బొమ్మకీ ఫొటో తీస్తాను. తూకం, పెట్టె పొడవు వెడల్పు ఎత్తు, పంపిన రోజు, రసీదు నంబరు నోటుబుక్కులో రాస్తాను. ప్రతి చేతికీ విడిగా దూది చుట్టి, బొమ్మని పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టి, మధ్యలో నలిపిన న్యూస్‌పేపర్లు కూరతాను. మా అమ్మాయి దాన్ని నడుమెత్తునించి ఒకసారి కింద పడేస్తుంది. లోపల చప్పుడైతే మళ్లీ విప్పాల్సిందే. పడెయ్యడం దానికి భలే సరదా!

పెట్టె కొలతలు ఎందుకంటే, అక్కడ నేను బాగా మునిగాను. పొణికి కర్ర దూదిలా తేలిక. దశావతారాలన్నీ కలిపినా రెండు కిలోలుండవు. కొరియరువాళ్లు మాత్రం తూకంతోపాటు పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి మామూలుగా 5,000తో భాగిస్తారు. నా పెట్టె 40, 30, 30. అంటే 7.2 కిలోలు! రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. నేనేమో రెండు కిలోల లెక్కన పంపే ఖర్చు రాసి వేలం పెట్టాను. పాట అయిపోయాక "ఇంకో మూడొందలు పంపండి" అంటే ఎవరు ఊరుకుంటారు? ఊరుకోరు, ఊరుకోవక్కర్లేదు కూడా. ఆ మూడొందలూ నేనే కట్టుకున్నాను. అప్పట్నించీ పెట్టె ముందు కట్టి, కొలిచి, ఆ తర్వాతే వేలానికి పెట్టడం. వంటయ్యాక విస్తరి వెయ్యడంలాగా.

మరో సంగతి, పోయిన పార్సిలుకి బదులు ఎంతొస్తుందో చాలామంది చూసుకోరు. నేను మొదలుపెట్టిన రోజుల్లో స్పీడ్ పోస్టులో విడిగా ఇన్సూరెన్స్ చెయ్యకపోతే, పోయినదానికి మనం కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే వచ్చేది. 2,350 బొమ్మకి దాంతో ఏమవుతుంది? పంపేముందు కౌంటర్లో ఆనాటి నియమం అడిగి, ఖరీదైనదైతే ఇన్సూరెన్స్ చేయించడం మేలు.

చాలామంది చెల్లెళ్లు నన్నడిగే ప్రశ్న ఇంకోటుంది. "మా ఇంగ్లీషు అంతంతమాత్రం కదా, బయటి రాష్ట్రాలవాళ్లకి ఎలా రాస్తాం?" నాదీ బీకాం ఇంగ్లీషే. మొదట్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని పొడుగు వాక్యాలు రాసేదాన్ని. బెంగళూరాయన ఒకాయన "పార్సిల్ పంపారా, లేదా?" అని ఒక్క ముక్క తిరిగి రాశాడు. నా పేరాలో ఆ సంగతే లేదు! ఏం జరిగింది, నేనేం చేస్తున్నాను, మళ్లీ ఎప్పుడు రాస్తాను. ఈ మూడూ మూడు చిన్న వాక్యాల్లో ఉంటే వ్యాకరణం ఎవరూ చూడరు. కోపంగా వచ్చినదానికి మాత్రం రాత్రి జవాబు రాయను. "చూశాను, పొద్దున పదింటికి వివరంగా రాస్తాను" అని ఒక్క వాక్యం పంపి పడుకుంటాను. పదింటికి రాస్తాను కూడా. ఆ రెండో సగం లేకపోతే మొదటిది దగా.

ఇప్పుడు వేలం వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వచ్చింది. "సిస్, లైవ్‌లో ఉన్నాను, పాడండి" అంటూ రాత్రి తొమ్మిదింటికి చీరల పాట. వరసలు కలుపుకుంటూ ఎంతో ఆప్యాయంగా అమ్ముతారు. చీరకి చిరుగొస్తే మాత్రం ఆ సిస్ కాస్తా "పార్సిల్ విప్పుతున్న వీడియో ఉందా?" అంటుంది. వీడియో లేకపోతే మాట్లాడొద్దంటుంది. అమ్మేవైపున ఉన్నా నాకిది నచ్చదు. వీడియో ఉంటే పని సులువవుతుంది, నిజమే, నేనూ తీసి ఉంచుకోమనే చెబుతాను. కానీ చేతిలో పిల్లతో, ఒక్కత్తే పార్సిల్ విప్పుకునే మనిషిని వీడియో తియ్యలేదని దొంగగా చూడటం ఏం న్యాయం? మనం పంపేటప్పుడు తీసిన ఫొటోలేవి మరి?

పైగా చట్టం కూడా వేరేగా ఉంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం వస్తువు లోపంతో ఉన్నా, చూపించినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా వెనక్కి తీసుకోనని, డబ్బివ్వనని అమ్మేవాళ్లు అనకూడదు. మన చేతిలో లేని ఉపద్రవంవల్ల ఆలస్యమైతే అది వేరు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఇంట్లో పాత ఫ్రిజ్ ఒక్కసారి అమ్ముకునేవాళ్లకి ఇది వర్తించదు గానీ, క్రమం తప్పకుండా వ్యాపారంగా చేసేవాళ్లకి వర్తిస్తుంది. "మేం ఇంట్లో ఆడవాళ్లం, మాకు రూల్సేంటి" అనడానికి లేదు. కొన్నవాళ్లు 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పుకోవచ్చు. నలభై ఎనిమిది గంటల మాట చదివినప్పుడు నా నాలుగు రోజులు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఇదంతా కొనేవాళ్లందరూ దేవతలని కాదు. బొమ్మ ఉంచుకుని "విరిగింది" అని పాత ఫొటో పంపినవాళ్లున్నారు. నేను తీసిన ఫొటోలో రంగు గీత వేరు, ఆయన పంపినదాంట్లో వేరు. రెండూ పక్కపక్కన పెట్టి, "ఇది నేను పంపిన బొమ్మ కాదండీ" అని రాస్తే మళ్లీ పలకలేదు. ఈమధ్య ఇంకో రకం మొదలైంది. "డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. మా ఎదురు ఫ్లాట్ పిన్నిగారు పచ్చళ్ల డబ్బులొస్తాయని కొట్టి నాలుగు వేలు పోగొట్టుకున్నారు. అలా జరిగితే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి చెప్పాలి. పిన్నిగారు కొడుక్కి భయపడి రెండు రోజులు చెప్పలేదు.

పాత బొమ్మలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు కొండపల్లి నుంచి తెచ్చి, విదేశాలవాళ్లకి ఈబే అంతర్జాతీయ సైటులో పెడుతున్నాను. 2025 ఆగస్టు 23, శనివారం ఒక ఏనుగు అంబారీ పాట ముగిసింది. ఒహాయోలో చెక్క జంతువులు సేకరించే పెద్దాయన 62 డాలర్లకి పాడుకున్నారు. అదే రోజు వార్త. 800 డాలర్ల లోపు సరుకుకి అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు ఆగస్టు 29 నుంచి పోతోంది, అందుకని మన తపాలా శాఖ 25 నుంచి అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపేస్తోంది అని. ఆదివారం సెలవు. ఏనుగు పెట్టెలోనే ఉంది.

ఆ రాత్రే రాశాను. పోస్టు ఆగిపోతోంది, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో నాకు తెలియదు, డబ్బు ఇప్పుడే వెనక్కి కావాలంటే ఇచ్చేస్తాను, ఆగుతానంటే ప్రతి సోమవారం మీకు రాస్తాను అని. "ఏనుగు ఎక్కడికీ నడిచి వెళ్లదుగా, ఆగుతాను" అన్నారాయన. ఏడు సోమవారాలు రాశాను. ఆరింటిలో కబురేమీ లేదనే కబురే!

అక్టోబరు 15న పార్సిళ్లు మళ్లీ మొదలయ్యాయి. కానీ అప్పటి ఏర్పాటు ప్రకారం ప్రకటించిన విలువలో 50 శాతం సుంకం ఇక్కడే, బుక్ చేసేటప్పుడే కట్టాలి. అంటే 31 డాలర్లు. పాటప్పుడు లేని ఖర్చది. దాచి నేనే కట్టేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, పాత జబ్బు. కట్టుకుంటే నాకు మిగిలేది సున్నా. ఉన్నదున్నట్టు రాశాను. "విలువ పది డాలర్లని రాయండి, లేదా బహుమతి అని రాయండి" అన్నారాయన. మనవాళ్లు కూడా ఎంతోమంది అడుగుతుంటారిలా. కుదరదన్నాను. అమ్మినదాన్ని బహుమతి అనడం అబద్ధం, పైగా దారిలో పోతే పది డాలర్ల వస్తువు పోయినట్టే లెక్క. "మీరు వద్దనుకుంటే 62 డాలర్లూ ఇవాళే తిరిగి పంపిస్తాను. కావాలంటే సుంకం మీరు కట్టాలి, పోస్టేజి నేను కడతాను" అని రాశాను. ఇందులో ఒక్క 'క్షమించండి' కూడా లేదు. సుంకం వేసింది నేను కాదుగా!

ఆయన్నుంచి జవాబు లేదు. ఒక రోజు, రెండు రోజులు, మూడు. ఫోను మోగినప్పుడల్లా చేతులు తుడుచుకుంటూ పరిగెత్తడం. "ఆయన పండక్కి అరిసెలు చేసుకుంటున్నాడేమోలే" అన్నారు మావారు. పుణె సంగతి ఆయనకెప్పుడో తెలిసిపోయింది.

నాలుగో రోజు రాత్రి వచ్చింది. ఆస్పత్రిలో ఉన్నారట, ఫోను దగ్గర లేదట. సుంకం డబ్బు పంపారు. పొద్దున్నే పెట్టె విప్పి, ఏనుగు తొండం కింద ఇంకాస్త దూది పెట్టి, మావటివాడి చెయ్యి ఒకసారి మెల్లగా కదిపి చూశాను. ఆ తర్వాత ఇప్పుడు ప్రతి పెట్టెలోనూ పెడుతున్న చీటీ పైన పెట్టాను. "ఈ బొమ్మ చేతులు విడిగా చెక్కి అతికినవి. ఊడితే విరిగిందనుకోకండి. చెక్క జిగురు ఒక చుక్క పెట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అప్పటికీ నిలబడకపోతే నాకు రాయండి, ఆ రోజే జవాబిస్తాను."